వంకర వరస

పోస్టాఫీసు బోర్డు మీద నెట్టీ హవ్రిలుక్ అంటించిన కాగితం పదకొండు రోజులుగా అలాగే ఉంది. "హాలు పైకప్పు వెయ్యాలి, వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి" అని పైన రెండు ముక్కలు, కింద పన్నెండు గీతలు, పక్కన దారం కట్టి వేలాడదీసిన పెన్సిలు. పన్నెండు గీతలూ ఖాళీయే. పెన్సిలు మొన మాత్రం అరిగింది. పక్కనున్న ట్రాక్టరు అమ్మకం కాగితంలోంచి ఎవరో ఫోను నంబరు రాసుకుపోయారు.

"ఈ ఊరికి చేతులు పడిపోయినట్టున్నాయి" అంది నెట్టీ, ఉత్తరాల కిటికీ అవతల కూర్చున్న ఎల్సీతో.

"చేతులకేం, బానే ఉన్నాయి. కాగితం పెట్టావు చూడు, అక్కడొచ్చింది చిక్కు."

"కాగితం పెడితే ఏమయింది?"

"ఏమయిందంటే ఏం చెప్పను నెట్టీ. హాలు కారుతోందని మాకు తెలీదా? మాకు కళ్ళు లేవా? పేర్లు రాసి, హాజరు పలికి, బడిపిల్లల్లా వరసగా రావాలా?"

"కళ్ళుంటే మరి రారేం?"

ఎల్సీ స్టాంపులు సర్దుకుంటూ కూర్చుంది. నెట్టీకి ఒళ్ళు మండి, తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చేసింది.

వెర్బా అనే ఈ ఊళ్ళో ఇప్పుడు ఉన్నది ఇరవై ఏడుగురు. కెనడాలోని సస్కాచెవాన్ గోధుమ చేల మధ్య ఇలాంటి ఊళ్ళు ఎన్నో ఉండేవి, ఎన్నో పోయాయి. ఇక్కడా ధాన్యం గిడ్డంగి పోయింది, బడి పోయింది, రైలు పట్టాలు పీకి పట్టుకుపోయారు. మిగిలినవి చర్చి, పోస్టాఫీసు, ఊరి హాలు. చర్చిని చూసుకోవడానికి బిషప్పు ఉన్నాడు, పోస్టాఫీసుకి ప్రభుత్వం ఉంది. హాలుకి ఊరు తప్ప దిక్కు లేదు, ఆ ఊరు మూడేళ్ళుగా అటువైపు చూడటం మానేసింది. రోడ్డు వైపు కప్పు మీద తారు పలకలు ఎండకి, మంచుకి చుట్టుకుపోయి లేచిపోయాయి. లోపల నాట్యం చేసే చెక్క నేల మీద నాలుగు బకెట్లు పెట్టి ఉంటాయి. వాన పడ్డాక వెళ్ళి వాటిని పారబోసేది నెట్టీ ఒక్కతే.

అక్టోబరు పన్నెండున బీమా మనిషి వస్తాడు. కప్పు బాగుంటే బీమా, లేకపోతే లేదు. బీమా లేని కట్టడం ఊరి నెత్తిన ఉండటానికి వీల్లేదని, మిషను తెచ్చి కూలగొట్టెయ్యాలని ఊరి పంచాయితీలో ముగ్గురిలో ఇద్దరు చెయ్యెత్తారు. ఎత్తిన వాళ్ళలో ఒకడు ఒరెస్ట్, ఎల్సీ మొగుడు, ఊరి పెద్ద. పరాయివాడు ఎత్తితే ఓర్చుకోవచ్చు. నెట్టీ కూతురికి జ్ఞానస్నానం చేయించిన నాడు జ్ఞానతండ్రిగా ఆ బిడ్డని చేతుల్లోకి ఎత్తుకున్నవాడు ఒరెస్టే. ఆ వరసన ఆమె అతన్ని 'కుమె' అంటుంది, అతను ఆమెని 'కుమో' అంటాడు. ఆ చెయ్యెత్తిన రోజు నుంచి నెట్టీ కుమె అనడం మానేసి, పేరు పెట్టి కూడా పిలవడం మానేసింది.

హాలంటే నెట్టీకి ఏమిటని ఎవరైనా అడిగితే ఆవిడకి నోట మాట రాదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ నేల మీదే, జారుడుగా ఉండాలని చల్లిన మొక్కజొన్న పిండి మీద పెళ్ళికొడుకు వాసిల్ ఆమెని గిరగిరా తిప్పాడు. పెళ్ళి మూడు రోజులు సాగింది. ఊరివాళ్ళు, పక్క ఊళ్ళవాళ్ళు కలిసి మూడొందల మంది. పసిపిల్లలందరినీ కోట్లు తగిలించే గదిలో కోట్ల గుట్ట మీద పడుకోబెట్టేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ఎవరి కోటు వాళ్ళు, ఎవరి బిడ్డని వాళ్ళు వెతుక్కుని తీసుకుపోయేవాళ్ళు. ఒకసారి ఎల్సీ పక్కింటివాళ్ళ బిడ్డని ఎత్తుకుని ఇంటి దాకా వెళ్ళిపోయింది. కోతలయ్యాక ఊరి విందుకి ఆడవాళ్ళంతా ఆ వంటింట్లో వరసగా నిలబడి, పిండి బిళ్ళల్లో ఆలుగడ్డ ముద్ద పెట్టి పెరహీలు మడిచేవాళ్ళు. ఒక్కొక్కరి మడత ఒక్కో తీరు. ఎవరు చేసిందో చూసి చెప్పేసేవాళ్ళు. మూడు వేల పెరహీలు మడిచేసరికి ఊళ్ళో ఎవరి గుట్టూ మిగిలేది కాదు. కాఫీ కప్పులన్నిటి అడుగునా గోళ్ళ రంగుతో ఇంటిపేర్లు రాసి ఉండేవి. ఆ కప్పులు ఇప్పటికీ అలమరలో ఉన్నాయి. ఇంటిపేర్లలో సగం సమాధుల్లో ఉన్నాయి.

ఆ హాల్లో ఆఖరి భోజనం మూడేళ్ళ కిందట, వాసిల్‌ని పాతిపెట్టిన రోజున.

వాసిల్ గురించి కూడా చెప్పాలి. మనిషి మంచివాడు, పాటగాడు, నాట్యం వచ్చినవాడు. చేతిపని దగ్గరికొస్తే మాత్రం పరమ వంకర. నెట్టీ వాళ్ళ నాన్న వడ్రంగి. వెర్బా చర్చి గుమ్మటం ఆయన చేతి పనే. పదేళ్ళ పిల్లప్పుడే నెట్టీ మట్టం పలక పట్టుకుని, బుడగ మధ్యకొచ్చిందో లేదో చెప్పేది. అలాంటి పిల్ల కట్టుకుంది హాలు గోడకి కింద నుంచి పైకి రంగేసే మనిషిని. పైన వేసిన రంగు కారి కింద వేసిందంతా చారలు పడితే తల గోక్కుంటూ నిలబడ్డాడు. స్మశానం గేటు బయటికి తెరుచుకునేలా బిగించాడు. మొదటి మంచు పడగానే అది తెరుచుకోదు కదా. హాలు కప్పు వేస్తానని ఎక్కి పలకలు పై నుంచి కిందికి వెయ్యడం మొదలుపెట్టాడు. వాన నీళ్ళు కింది వరస మీదకి కాక లోపలికే పోయేలాగ.

నెట్టీకి తలకొట్టేసినట్టుండేది. నిచ్చెన కింద నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కడిగేసేది. "దిగు, దిగిరా కిందికి. మా నాన్న బతికుంటే నిన్ను చూసి మళ్ళీ చచ్చేవాడు. ఆ వరస చూశావా? పాము పాకినట్టుంది." అలా ఓ పావుగంట తిట్టేసరికి ఒకడొచ్చేవాడు. "తప్పుకో వాసిల్, ఇలా ఇవ్వు సుత్తి." వాడి వెనక ఇంకొకడు. మధ్యాహ్నానికి పదిహేను మంది కప్పు మీద ఉండేవాళ్ళు, పొద్దుగూకేసరికి పని అయిపోయేది. వాసిల్ మంచినీళ్ళు అందిస్తూ, కథలు చెబుతూ, అందరి చేతా మాటలు పడుతూ కింద తిరిగేవాడు. మాట పడ్డప్పుడల్లా నవ్వేవాడు.

ఆస్పత్రిలో ఆఖరి వారం, మంచం పక్కన బల్లకి మర వదులైతే బిగించబోయాడు. నెట్టీ చేతిలోంచి లాక్కుంది. "ఇలా ఇవ్వు. పుట్టి బుద్ధెరిగి ఒక్క పని తిన్నగా చేసిన పాపాన పోలేదు." అప్పుడూ నవ్వాడు. తర్వాత రెండు రోజులకి పోయాడు.

సరే, కాగితం సంగతి తేలిపోయింది కాబట్టి మర్నాడు నెట్టీ తనే ఎక్కింది.

డెబ్బై ఒకటేళ్ళ మనిషి. హాలు ఎత్తైనదేం కాదు, కప్పు వాలు తక్కువ. నడుముకి తాడు కట్టుకుని రెండో కొస పొగగొట్టానికి ముడేసింది. హాలు కమిటీ ఉన్న రోజుల్లో తెచ్చిన పలకల కట్టలు వెనక గదిలో అలాగే ఉన్నాయి. కట్ట మొయ్యలేక విప్పి, సంచిలో నాలుగేసి పలకలు వేసుకుని నిచ్చెన ఎక్కి దిగింది. పాతవి పెరికి, అంచు రేకు సరిచేసి, సుద్ద దారం లాగి గీత కొట్టి, కింది నుంచి మొదలుపెట్టింది. ఒక్కో పలకకి నాలుగు మేకులు. పై వరసలో అతుకు కింది వరస అతుకు మీదకి రాకుండా ప్రతిసారీ సగం పలక జరిపి వేసింది. మొదటి రోజుకి ఒక వరస పూర్తయింది. మూడు రోజులకి నాలుగు వరసలు. ముప్ఫై వరసలు పడితే గానీ కప్పు నిండదు.

వరసలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి, వాళ్ళ నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. ఊరూ మెచ్చుకుంది. ట్రక్కులు నెమ్మది చేసి, చేతులూపి పోయేవాళ్ళు. కర్టిస్ అయితే ఆగి మరీ చెప్పాడు. ఊళ్ళో కుర్రాడు అనదగ్గవాడు వాడొక్కడే, వాడికీ నలభై నిండాయి.

"బ్రహ్మాండంగా వేస్తున్నావ్ పిన్నీ. మా అమ్మ అంటూనే ఉంటుంది, పనంటే నెట్టీదేనని."

"రారా, ఓ చెయ్యి వెయ్యి."

"అబ్బే, నేనొచ్చి చెడగొట్టడం ఎందుకు? నీ చేతికి అలవాటైన పని" అని వాడు వెళ్ళిపోయాడు. మెప్పు విని నెట్టీకి ఏడుపొక్కటే తక్కువ. ఇంతమంది మెచ్చుకుంటుంటే హాలు కూలిపోబోతోంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి మోకాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. గాలి లేచింది. దారం పట్టుకోవడానికి రెండో మనిషి లేడు. ఒక కొస మేకుకి చుట్టి లాగితే మేకు జారిపోయింది. నెట్టీ చూసుకోలేదు. ఆ గీత పట్టుకునే పది పలకలు వేసేసింది. తలెత్తి చూసేసరికి ఐదో వరస కుడి వైపుకి ఎగబాకి ఉంది. పుట్టాక ఆవిడ చేతి మీదుగా అలాంటి వరస రాలేదు. పీకే ఓపికా లేదు. అలాగే కూర్చుండిపోయింది.

రోడ్డు మీద హారను మోగింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ట్రక్కులోంచి ఒరెస్ట్ దిగాడు. డెబ్బై ఏడేళ్ళు, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు. నిరుడు గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట గుసగుసలా తప్ప రాదు. అందుకే హారను. హాలు దాకా కుంటుకుంటూ వచ్చి, నిచ్చెన పట్టుకుని, పైకి చూస్తూ ఏదో అన్నాడు. వినపడలేదు.

"ఏంటి?" అంది నెట్టీ. అతనితో నెల రోజుల్లో ఆవిడ అన్న మొదటి మాట అది.

"వంకర" అన్నాడు ఒరెస్ట్, ఉన్న గొంతంతా పెట్టి. "కుమో, అది వంకర."

"కనపడుతోందిలే. నిన్నటి దాకా తిన్నగా వేశాను, ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. ఇవాళ వంకర పోయేసరికి ఊరి పెద్ద దిగాడు. చూసి నవ్వుకుని పో."

ఒరెస్ట్ పోలేదు. ట్రక్కులోంచి మేకులు పీకే కడ్డీ తీసుకొచ్చాడు. "పై కప్పు ఎక్కలేను, డాక్టరు చంపేస్తాడు. వెనక వంటింటి కప్పు తలుపంత ఎత్తే కదా. అదీ కారుతోంది. పద, అది చూద్దాం. దారం నేను పడతాను."

"కూలగొట్టమని చెయ్యెత్తినవాడివి."

"ఎత్తాను. ఎవడూ పట్టించుకోని దాన్ని ఎంతకాలం మొయ్యమంటావు? ఇప్పుడు నువ్వు పట్టించుకుంటున్నావు. మళ్ళీ చెయ్యెత్తమంటే ఇంకో వైపు ఎత్తుతాను. అయితే పని అవ్వాలి కుమో. సగం కప్పుని బీమావాడు ఒప్పుకోడు."

నెట్టీకి కోపం పూర్తిగా పోలేదు గానీ, దారం పట్టుకోవడానికి మనిషి దొరికాడు. దిగింది.

వంటింటి వెనక కప్పు రోడ్డుకి కనపడదు. స్ప్రూస్ చెట్లు అడ్డం. అటు ఎవరూ పోరు, చెత్త డబ్బా దగ్గరికి తప్ప. నెట్టీ నిచ్చెన వేసుకుని మోచేతులు కప్పు మీద ఆనించి, పేరుకున్న ఆకులు తోసేసింది. పాత పలకలు పెళుసెక్కి అంచులు విరిగాయి. పీకడానికి కడ్డీ పెట్టబోతూ ఆగింది.

వరసలు గీత గీసినట్టున్నాయి. అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా, చివరి దాకా సమానంగా. వంటింటి పొయ్యి గొట్టం చుట్టూ రేకు మడిచిన తీరు చూస్తే, మడతలో నీటి చుక్క నిలవడానికి సందు లేదు. మేకు తలలన్నీ ఒకే లోతున ఉన్నాయి. ఆకులు పేరుకుని అంచులు పాడయ్యాయి తప్ప, పనిలో వంక పెట్టడానికి లేదు.

"ఇదెవరి పని?" అంది. "మా నాన్నది కాదు, ఆయన పోయాక వచ్చిన రకం పలకలివి. ఎవర్ని పిలిపించారు?"

ఒరెస్ట్ దారం ఉండ చుడుతున్నవాడు చుట్టడం ఆపాడు. "నీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా?"

"వాసిల్."

నెట్టీ నవ్వింది. ఒరెస్ట్ నవ్వలేదు.

"మీ అమ్మాయి పురిటికి నువ్వు సస్కటూన్ పట్నం వెళ్ళి ఆరు వారాలు ఉన్నావు చూడు, ఆ ఏడు" అన్నాడు. "కోతల మధ్యలో వడగళ్ళు పడి ఈ మూల చిల్లులు పడ్డాయి. ఊళ్ళో ఒక్కడూ ఖాళీగా లేడు, అందరం మిషన్ల మీదే ఉన్నాం, రమ్మన్నా రాలేం. అందుకని ఒక్కడే ఎక్కి రెండు రోజుల్లో వేసేశాడు. నేను పెట్రోలుకని వచ్చి చూశాను. ఈ గొట్టం దగ్గర రేకు మడుస్తున్నాడు. నన్ను చూసి ఎంత సిగ్గుపడ్డాడనుకున్నావు. 'కుమె, నెట్టీకి చెప్పకు' అన్నాడు."

"అంటే చేతనవును."

"చేతనవును."

"మరి రోడ్డు వైపు? స్మశానం గేటు? ఆ రంగు?"

"రోడ్డు వైపు ఊరు చూస్తుంది కదా కుమో."

నెట్టీ గొట్టం చుట్టూ ఉన్న మడతని వేలితో తడిమి చూసింది. ఒరెస్ట్ కింద నుంచి మెల్లిగా చెప్పుకుపోయాడు. ఈ ఊళ్ళో రమ్మని అడిగితే ఎవడూ రాడు, రోషం. బాగా చేస్తుంటే అసలే రాడు, వాడే చూసుకుంటాడులే అనుకుంటాడు. కళ్ళ ముందు తప్పు చేస్తుంటే మాత్రం ఎవడూ ఆగలేడు, చేతులు దురద పెడతాయి. అది కనిపెట్టినవాడు వాసిల్ ఒక్కడే.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ రోజు నుంచే. తర్వాత ఎల్సీకి చెప్పాను. ఎల్సీకి చెబితే ఊరికి చెప్పినట్టే. తెలిసీ వచ్చేవాళ్ళం. వంకర వంకరే కదా, తెలిసినంత మాత్రాన చూస్తూ ఊరుకోగలమా?"

"అయితే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

ఒరెస్ట్ దారం కొస ఆవిడకి అందించాడు.

ఆ రోజూ మర్నాడూ కలిసి వంటింటి కప్పు పూర్తి చేశారు. అవసరమైన మాటలు తప్ప నెట్టీ మాట్లాడలేదు. దారం లాగు, వదులు, మేకు ఇవ్వు, అంతే. లోపల మాత్రం కుతకుతలాడిపోయింది. ఊరంతా ముసిముసిగా నవ్వుకుంటుంటే, తను ఒక్కతే నిజమనుకుని నలభై ఆరేళ్ళు గొంతు చించుకుంది. అదొక మంట. అంతకన్నా పెద్ద మంట ఇంకోటుంది. అలాంటి చేయి ఉన్నవాడు, ఆ చేతిని దాచుకుని, పెళ్ళాం చేత, ఊరి చేత చేతకానివాడు అనిపించుకుంటూ పోయాడు. మెచ్చుకోవలసిన మనిషిని తను ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకోవడానికి లేడు.

ఏడో తారీఖు పొద్దున్న ఆవిడ మళ్ళీ రోడ్డు వైపు కప్పెక్కింది. ఇంకా ఐదు రోజులు. ఇంకా పాతిక వరసలు. ఒంటిచేత్తో తిన్నగా వేస్తే ఎనిమిది కూడా పడవు. వేరే దారి లేదు. ఐదో వరస వంకరని పీకకుండా దాని మీదే ఆరోది మొదలుపెట్టింది, దారం లాగకుండా, కంటికి తోచినట్టు. చేతులు ఒప్పుకోలేదు. పలక ఎలా పెట్టినా వేళ్ళు వాటంతట అవే సరిచేసేస్తున్నాయి. కళ్ళు మూసుకుని నాలుగు పలకలు కొట్టింది. తెరిచి చూసి, చూడలేక మొహం తిప్పుకుంది. అంత చెత్తగా ఉంది.

తర్వాత కూర్చుని ఎదురు చూసింది.

ఒక ట్రక్కు పోయింది, చెయ్యి ఊపారు. ఇంకోటి పోయింది. కర్టిస్ పోతూ బొటనవేలు ఎత్తి చూపించాడు. వాడు కప్పు వైపు చూడలేదు, ఆవిడ వైపే చూశాడు. నెట్టీ పనిలో తప్పు వెతకాలని ఈ ఊళ్ళో ఎవరికి తోస్తుంది? ఎనిమిదింటికి ఎల్సీ పోస్టాఫీసు తలుపు తీసింది. తలెత్తలేదు. పది దాకా ఒక్కరూ ఆగలేదు.

పదింటికి ఒరెస్ట్ మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. నిచ్చెన కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఆరో వరస చూసి తలూపాడు. అతని గుసగుస వినపడాలని నెట్టీ కప్పు అంచు వైపు జరిగింది.

"బాగుంది. వాసిల్ కూడా ఇంత దరిద్రంగా వెయ్యలేదు."

"మరి రారేం? మూడు గంటలుగా కూర్చున్నాను. ఇంక నావల్ల కాదు కుమె. కూలగొట్టించెయ్యి. మిషను ఎప్పుడొస్తుందో చెప్పు, అలమరలో కాఫీ కప్పులు తీసి పెట్టుకుంటాను."

"వంకర ఒక్కటే చాలదు కుమో" అన్నాడు ఒరెస్ట్. "ఎవరికి వారు ఇంట్లో ఉంటారు, గొడ్ల దగ్గర ఉంటారు. కప్పు మీద ఏం జరుగుతోందో వాళ్ళకెలా తెలుస్తుంది? మాకెలా తెలిసేదనుకున్నావు?"

"ఎలా?"

"నువ్వు తిట్టేదానివి కదా."

నెట్టీ అతని వైపు చూసింది.

"నీ గొంతు ధాన్యం గిడ్డంగి దాకా వినపడేది. మా ఇంట్లో ఎల్సీ పిండి కలుపుతూ, 'ఇదిగో నెట్టీ మొదలెట్టింది, సుత్తి పట్టుకుని పో' అనేది. ఇంటింటా అంతే. నువ్వు బయటికి రాకుండా వాసిల్ ఒక్క మేకు కొట్టేవాడు కాదు. కప్పెక్కి కూర్చుని మీ ఇంటి తలుపు వైపు చూస్తుండేవాడు. నువ్వు వస్తున్నావనగానే మొదలు. ఒకసారి నేనే అడిగాను, నెట్టీకి చెప్పెయ్యరాదా, పాపం ఊరికే సిగ్గుపడి చస్తోంది అని. ఏమన్నాడో తెలుసా? చెబితే తిట్టదు, తిట్టకపోతే ఎవడొస్తాడు, ఈ ఊరి పనులన్నీ సగం నేను చేశాను, సగం నా పెళ్ళాం నోరు చేసింది అన్నాడు. ఎంత గొప్పగా చెప్పుకున్నాడనుకున్నావు."

ఒరెస్ట్ కాఫీ పోసుకున్నాడు. "నేను అరుద్దును. నాకు గొంతు లేదు. నువ్వే ఎవర్నో తిట్టాలి."

"ఎవర్ని తిట్టను? పైన ఉన్నది నేను."

ఆ మాట అని ఆవిడ ఆగిపోయింది. ఎవర్ని తిట్టాలో ఆవిడకి తెలుసు. మూడు రోజులుగా లోపల తిడుతూనే ఉంది. నడుము తాడు సవరించుకుని, పాకుతూ పోయి పొగగొట్టం పట్టుకుని లేచి నిలబడింది.

"వాసిల్" అంది. మొదట మామూలుగానే వచ్చింది. రెండోసారి కడుపులోంచి వచ్చింది. "వాసిల్, నీ మొహం మండ. చెప్పి చావొచ్చు కదా. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? నలభై ఆరేళ్ళు ఒక మంచం మీద పడుకున్నాం. దొంగవెధవా, పెళ్ళాం దగ్గర చెయ్యి దాచుకుంటావా? ఆ గొట్టం చుట్టూ రేకు మడిచావు చూడు, మా నాన్న కూడా అలా మడవలేదు. వింటున్నావా? మా నాన్న కూడా మడవలేదు. ఎవరికి చూపించావు? చెట్లకి చూపించావా? నాకు చూపిస్తే నేను మెచ్చుకోనా? నేనంత రాక్షసినా? ఆఖరికి ఆ మర కూడా లాక్కున్నాను నీ చేతిలోంచి. లాక్కుంటుంటే నవ్వుతావా? నవ్వడం కాదు, చెప్పాలి. నన్నిక్కడ ఒక్కదాన్ని వదిలేసి పోతే ఈ కప్పు ఎవడు వేస్తాడు? చూడు, ఎంత దరిద్రంగా వచ్చిందో చూడు. నీకు సరదాగా ఉందా?"

ఏడుస్తోందో తిడుతోందో ఆవిడకే తెలియలేదు. కన్నీళ్ళకి రోడ్డు కనపడలేదు. ముందు పోస్టాఫీసు తలుపు చప్పుడైంది. ఎల్సీ గుమ్మంలోకి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు వైపు చూసింది. "అయ్యో దేవుడా, ఏంటా వరస" అంటూ తలుపుకి తాళం వేసి, రోడ్డు దాటి వచ్చేస్తోంది. ఆ వెనకింట్లో ఎవరో కిటికీ తెరిచారు. చర్చి పక్క ఇంటి ముసలాయన సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు, సంచీలో మేకులు గలగలమంటున్నాయి. రోడ్డు చివర కర్టిస్ ట్రక్కు ఆగి, వెనక్కి తిరిగింది.

నెట్టీ ముక్కు తుడుచుకుని ఆగబోయింది.

"ఆపకు కుమో" అన్నాడు ఒరెస్ట్ కింద నుంచి, ఉన్న గొంతంతా పెట్టి. "ఇంకా కాలవ అవతల మూడిళ్ళకి వినపడలేదు."

ఆవిడ ఊపిరి నిండా పీల్చుకుని మళ్ళీ అందుకుంది.